నాలుగు నిమ్మకాయల మీద నా దండయాత్ర

ఉద్యోగం కోసం పోయి, దాన్ని నా చేత్తోనే కిటికీలోంచి విసిరేసిన ఘనకార్యం ఇది. గ్రహాల మీదికి తోసేద్దామన్నా వీల్లేదు. గ్రహాల ప్రభావాన్ని నేను అప్పటికే రద్దు చేసి ఉన్నాను.

అరవైల మొదట్లో సంగతి. బీయస్సీ ఫిజిక్సు పాసై, ఏడాదిగా బుచ్చిరెడ్డిపాలెంలో మూఢనమ్మకాలతో ఒంటరిగా యుద్ధం చేస్తున్నాను. ఆ యుద్ధం నాన్న కంటికి ఉద్యోగంలా కనిపించలేదు. ఇంతలో గ్రంథాలయంలో పేపరు తిరగేస్తుంటే ఒక ప్రకటన కనబడింది. ఒక యూనివర్సిటీ వాళ్లు కృష్ణపట్నం దగ్గర ఆటుపోట్లు కొలిచే పరిశోధన కేంద్రం పెడుతున్నారట, టెక్నికల్ అసిస్టెంటు కావాలట. దరఖాస్తు పెడితే నెల్లూరుకు ఇంటర్వ్యూకు రమ్మన్నారు.

"ఇదీ రాకపోతే సోమవారం నుంచి మీ మామ రైసుమిల్లులో కూర్చో," అన్నాడు నాన్న.

అమ్మ నిమ్మకాయ తెచ్చింది. "దిష్టికి నాయనా, దగ్గర పెట్టుకో."

"ఇంటర్వ్యూలో ఈ కాయ జవాబులు చెబుతుందా అమ్మా?"

"నీకంటే తక్కువ మాట్లాడతాదిలే."

కాయను అక్కడే వదిలేసి, అమ్మ సర్దిచ్చిన సంచి తగిలించుకుని, విజయగర్వంతో బస్సెక్కాను.

ఇంటర్వ్యూ ఒక కాలేజీ లాబొరేటరీలో. లోపల అడుగుపెట్టగానే ఒళ్లు మండిపోయింది. బల్ల మీద వరసగా నాలుగు నిమ్మకాయలు, ఒక్కోదానికీ ఎర్రటి బొట్టు. పక్కనే అటెండరు మస్తానయ్య, గర్భగుడి ముందు పూజారిలా.

"సైన్సు గదిలో ఈ పూజలేంది?"

"పూజ గాదయ్యా. తాకబాకండి, సార్ వస్తా ఉండారు."

"మీ సార్‌కి తెలుసా ఇది?"

"ఆయనే పెట్టించినాడు."

ఇక నన్ను ఆపేవాడెవడు? ఉపన్యాసం అందుకున్నాను. వరండాలోని అభ్యర్థులందరూ గుమ్మంలో మూగి నోళ్లు తెరుచుకుని విన్నారు. మెచ్చుకోలు కాబోలనుకుని, వాక్యానికొకటి చొప్పున నాలుగు కాయలూ కిటికీలోంచి విసిరాను.

వెనక నుంచి ఎవరో నెమ్మదిగా అన్నారు: "బాగా మాట్లాడావు బాబూ. నీ ప్రాక్టికల్ పరీక్ష మాత్రం వీధిలో పడింది."

ప్రొఫెసరు గారు. చేతిలో మీటరు, రాగి రేకులు, జింకు రేకులు. ఆ కాయలతో బ్యాటరీ చేసి, మీటరు ముల్లును గీతదాకా తేవాలట. ఎర్రచుక్క, రాగిరేకు గుచ్చాల్సిన చోటుకు గుర్తట.

"ఆ చుక్కలేమిటని అడిగావా?"

"లేదండీ."

"కాయ చేతికి తీసుకుని పరిశీలించావా?"

"విసరడానికే తీసుకున్నానండీ."

"అంటే చూడకుండానే నమ్మేశావు."

ఏడాదిగా నేను ఊరందరినీ తిట్టిన తిట్టు అదే. చెవుల్లో రైసుమిల్లు మోత మొదలైంది.

వీధిలోకి పరుగెత్తాను. మూడు కాయలు దొరికాయి. నాలుగోదాన్ని ఎద్దుబండి చక్రం తొక్కేసింది. దిష్టికాయకు జరగాల్సిన మర్యాద దానికి జరిగిపోయింది.

మూడింటికీ రేకులు గుచ్చి తీగ కలిపితే ముల్లు గీతకు ఇవతలే ఆగింది. చెమట తుడుచుకుందామని సంచిలోంచి తువ్వాలు లాగాను. అందులోంచి నిమ్మకాయ దొర్లింది. అమ్మ పనే.

గుచ్చాను. ముల్లు గీత మీదికి వచ్చి నిలబడింది.

"దీన్నీ విసరతారేమో అనుకుంటిని," అన్నాడు మస్తానయ్య.

ప్రొఫెసరు గారు నవ్వారు. "చేసిన తప్పు సర్దుకోవడం తెలిసినవాడివి. సముద్రం దగ్గర రోజూ అదే పని. చేరిపో."

ఇంటికొచ్చి చెబితే అమ్మ అంది, "కాయ పనిచేసిందా లేదా?"

"పనిచేసింది అందులోని పులుపమ్మా."

"పులుపు కాయలోది కాక నీలోదా?"

ఆనాడే ప్రతిజ్ఞ చేశాను. ఏ నిమ్మకాయకూ దండం పెట్టను, విచారణ లేకుండా ఏ నిమ్మకాయనూ శిక్షించను. ఇంటర్వ్యూకు పోయేటప్పుడు మాత్రం నా సంచి నేను సర్దుకోను.