కడుపులో తన్నని బిడ్డ

పొద్దున పక్కింట్లో ఎవరో నువ్వుల నూనె వేడి చేశారు. ఆ వాసన తగలగానే చేతిలో పని ఆగిపోయింది. మా పాప మోకాళ్లు నా వేళ్లకు మళ్లీ తగిలినట్టయింది. ఆ వెంటే సుమన్ బాయి గుర్తొచ్చారు. మా సిరోంచలో పంతులమ్మను బాయి అంటాం, మరాఠీ బడుల అలవాటు. కాలేజీలో నాకు జీవశాస్త్రం చెప్పారు. పెళ్లయ్యాక మా కిరాణా దుకాణం వెనక వీధిలో ఆవిడే నాకు పొరుగు. నోరు కటువు, మనసు మాత్రం వెన్న.

నా మొదటి కాన్పప్పుడు కడుపులో బిడ్డ ఎప్పుడో గాని కదిలేది కాదు. "బంగారమసొంటి బిడ్డ, తల్లిని జర గూడ సతాయిస్తలేదు" అని మా అత్త వీధంతా చెప్పుకుంది. నేనూ మురిసిపోయాను, పిచ్చిదాన్ని! ఏం తిన్నావని అందరూ అడిగారు, బిడ్డ తంతుందా అని ఒక్కరూ అడగలేదు. వానాకాలం, గడ్చిరోలి పెద్దాసుపత్రి దూరం, ఆ గతుకుల రోడ్డు మీద కుదుపులెందుకని నన్ను ఇల్లు కదలనివ్వలేదు.

పాప పుట్టింది, చిన్ని అని పిలుచుకున్నాం. మోచేతులు ముడుచుకోవు, మోకాళ్లు చాచుకోవు, పాదాలు లోపలికి తిరిగి ఉన్నాయి. అత్త చూసి నెత్తి కొట్టుకుంది. "గ్రహణం నాడు కదలకుండ పండుమంటే ఇన్నవా? లేచి సొరకాయ కోస్తివి. గిప్పుడు సూడు!" నిజమే, ఆకలేసి కోశాను. పాపకు పాలిస్తూ, కత్తి పట్టిన ఆ చేతిని తిట్టుకుంటూ ఏడ్చేదాన్ని.

బాయి వచ్చి పాపను ఒళ్లో వేసుకున్నారు. ఒక్కో కీలూ మెల్లగా వంచి చూశారు.

"కడుపుల తన్నిందా? కాన్పుల ఉమ్మనీరు మంచిగ పోయిందా?"

రెంటికీ లేదనే చెప్పాను.

"ఇను పద్మా. కోడిగుడ్డు పాఠం యాదికున్నదా? లోపల పిల్ల కదలకుంటె కీళ్లు అతుక్కపోతయి. మనిషికీ గంతే. తన్నుకుంట, చేతులాడిచ్చుకుంట ఉంటెనే ఎముకలు సక్కగ అమరుతయి. నీళ్లు తక్కువై నీ బిడ్డకు ఆడనీకె జాగ లేకపాయె."

"మరి గ్రహణం, బాయీ?"

"నీ మొఖం! నువ్వు కదిలినందుకు గాదు, బిడ్డ కదలనందుకు గిట్లయింది. తప్పు నీది గాదు."

తర్వాత గడ్చిరోలిలో ఎముకల డాక్టరూ అదే అన్నారు. కీళ్లు ఎలా ఆడించాలో చూపించారు. ఇక రోజూ పొద్దున్నే బాయి నూనె గిన్నెతో హాజరు. "కడుపుల తన్నకుంటేంది, బయట తన్నిద్దాం దీన్ని" అనేవారు. నెలలు గడిచాక ఒకరోజు మా చిన్ని కాలు విసిరితే బాయి కళ్లద్దాలు ఎగిరి పడ్డాయి. "చూసినవా, నన్నే తన్నింది దొంగ!" అని నవ్వుతూనే ఏడ్చేశారు. నా జీవితంలో అంతటి పండగ మళ్లీ రాలేదు.

ఆ చలికాలం పాపకు నెమ్ము చేసింది. బలం లేని ఊపిరితిత్తులు, తట్టుకోలేకపోయింది. మట్టిలో పెట్టి వచ్చిన రోజు అత్త మళ్లీ గ్రహణం మాట ఎత్తింది. బాయి లేచి నిలబడ్డారు. "పిల్ల పోయింది. తల్లినన్న బతకనియ్యి." ఆ మాటతోనే నేను బతికాను. మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు.

బాయి కూడా ఇప్పుడు లేరు. దుకాణానికి కడుపుతో ఉన్న పిల్ల ఎవరొచ్చినా, సామాను కట్టకముందే అడుగుతాను, బిడ్డ తంతుందా అని. రాత్రంతా నిద్ర పోనియ్యదని విసుక్కుంటారు. తన్ననియ్యవే తల్లీ అంటాను.

మొన్న పాతగూడెం నుంచి మొగుడితో వచ్చిన ఒకమ్మాయి, "లేదక్కా, మస్తు మంచి బిడ్డ, సప్పుడే చెయ్యదు" అని నవ్వింది. షట్టరు దించేసి, ఆమెనూ మొగుణ్ణీ బస్సెక్కించి గడ్చిరోలి తీసుకెళ్లాను. ఉమ్మనీరు తగ్గింది, సమయానికి తెచ్చారు అన్నారు డాక్టరు. వాళ్లిద్దరినీ అక్కడే ఉంచి నేనొక్కదాన్నే తిరుగు బస్సెక్కాను. ఎంత సంతోషమో చెప్పలేను. అయినా దారిలో ఆష్టి ఊరు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను, నా చిన్నిని ఎవరూ ఇలా తీసుకెళ్లలేదే అని.