గుడ్డలా చూసి కొన్న రేడియేటర్

సూరత్‌లో మా దుకాణాల వరుసలో నాతో బేరమాడి గెలిచినవాడు లేడు. ఆ పేరు నిలబెట్టుకుంటూనే, కరోనా రెండో ఎండాకాలంలో ఒక స్పోర్ట్స్ కారుకు రేడియేటర్ కొన్నాను. అంత దండగ బేరం కూడా మా వరుసలో ఇంకెవరూ చేయలేదు. అందులోనూ నేనే మొదటివాణ్ణి.

లాక్‌డౌన్‌లో ఊరు విడిచిపోతున్న ఒకాయన ఆ రెండు తలుపుల కారును అగ్గువకు వదిలించుకుంటుంటే నేను కొనేశాను. అమ్మకు వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఆస్పత్రి అంటే ఆటోవాళ్లు మొహం తిప్పుకునే రోజులవి. ఆమె తాగే నీళ్లకు డాక్టర్ కొలత పెట్టాడు. ఎండలో కూర్చుంటే దాహానికి కొలత తెలియదు కాబట్టి కారులో ఏసీ ఆగకూడదు. ఏసీ వేసి రద్దీలో నిలబడితేనేమో ఇంజను కాగిపోయేది. పాత రేడియేటర్ పని అయిపోయిందని, కంపెనీది ఇప్పట్లో రాదని, బయటి తయారీదే వేయాలని మెకానిక్ తేల్చాడు.

విడిభాగాల కొట్టులో గుజరాతీ సేఠ్ రెండు చూపించాడు. ఒకదాని రేకులు ఎడంగా ఉన్నాయి. దానికి పెద్ద ఫ్యాను, గాలి పక్కకు పోకుండా ఒక తొడుగు. రెండోది మందంగా, రేకులు చిక్కగా ఉంది. బట్టల కొట్టులో పెరిగినవాణ్ణి, రెండింటినీ వెలుతురుకు ఎత్తి చూశాను. మొదటిదాంట్లోంచి ట్యూబ్‌లైటు కనబడింది. పోగులు లెక్కబెట్టే భూతద్దం జేబులోంచి తీసి రేకులు లెక్కబెట్టాను.

"భాయ్, యే కపడా నహీ హై," ఇది గుడ్డ కాదు అన్నాడు సేఠ్.

బండి మెల్లగా నడిచే చోట చిక్కటి రేకుల్లోంచి గాలి దూరదని, పైగా మీది మగ్గాల పేట, దూది పట్టేస్తుందని చెప్పాడు. ఖరీదైనది అంటగట్టడానికి మేమూ అంత ఓపిగ్గానే చెబుతాం. నేను చిక్కటిదే తీసుకుని, ఫ్యానూ తొడుగూ వద్దని, ధర కూడా తగ్గించి వచ్చాను.

నెల తిరక్కుండానే, ఆస్పత్రికి వెళ్తుంటే లింబాయత్ సందులో కారు ఆవిరి కక్కింది. ఏసీ ఆగింది. ఇంజను చల్లబడేదాకా ఆగి, పక్క కార్ఖానా నుంచి బకెట్‌తో నీళ్లు తెచ్చి పోస్తున్నాను.

"నాకేమో గ్లాసుల కొలిచి ఇస్తవ్. దీనికి బకెట్ పోస్తున్నవ్," అంది అమ్మ, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

"దానికి డాక్టర్ చెప్పలేదే అమ్మా."

"చెప్పినా నువ్వు ఇంటవా? జర ఆ డాక్టర్‌తోని గూడ బేరమాడు, నాకింకో గ్లాసు ఎక్కువియ్యమను."

నవ్వింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆలస్యంగా చేరినందుకు మిషన్ మీద ఆమెకు ఒక గంట తగ్గించారు. తర్వాతివాళ్లు అప్పటికే వరుసలో ఉన్నారు. ఆ రాత్రి నుంచి మళ్లీ వంతు వచ్చేదాకా ఆమె కాళ్లు వాచే ఉన్నాయి.

మెకానిక్ రేడియేటర్ విప్పితే రేకుల మధ్య దూది దుప్పటిలా పరుచుకుని ఉంది. తీసుకెళ్లి సేఠ్ ముందు పెట్టి, దారిలో అమ్మ పడ్డ అవస్థ చెప్పాను. ఆయన దెప్పలేదు. "అమ్మ ఎట్లున్నది?" అని హిందీలో అడిగి, సగం ధరకు వాపసు తీసుకున్నాడు. నేను బేరమాడలేదు.

మొదటిది పద్దెనిమిది వేలు, వాపసు వచ్చింది తొమ్మిది. బదులుగా తీసుకున్న ఎడంగా రేకులున్నది, ఫ్యానూ తొడుగుతో సహా ఇరవై మూడు. బిగింపు కూలి రెండుసార్లకు నాలుగు. మొత్తం ముప్పై ఆరు వేలు. సేఠ్ మాట మొదటే విని ఉంటే ఇరవై అయిదుతో పోయేది. నా తెలివికి పడ్డ ఖర్చు పదకొండు వేలు, అమ్మకు తగ్గిన గంట.