ప్రార్థనకొక కప్‌కేక్

జయరాజు వెనీలా కప్‌కేక్ తినే తీరు చూసి తీరాల్సిందే. ముందు వాసన చూస్తాడు. తర్వాత గాయం మీది పట్టీ విప్పినంత మెల్లగా కాగితం విప్పుతాడు. తినడం అయ్యాక ఆ కాగితాన్ని కూడా కింది పళ్లతో గీకందే పారేయడు. జీడిమెట్లలో స్టోర్‌కీపరు పని చేసే ఈయనకు యాభయ్యో ఏట షుగర్ బయటపడింది. "అండ్ల ఏమున్నది జయరాజూ? మైదా, చక్కెర, డాల్డా. పెయ్యికి బలమిచ్చేది ఒక్కటి లేదు. మరీ మనసు గుంజితే ఆదివారం ప్రార్థన అయినంక ఒకటి తిను," అన్నాడు మేడ్చల్ డాక్టరు.

జయరాజు ఆ మాట జవదాటలేదు. ఆదివారం పొద్దున మేడ్చల్‌లో ప్రార్థన, మధ్యాహ్నం శామీర్‌పేటలో ప్రార్థన, సాయంత్రం కొంపల్లిలో ప్రార్థన. ప్రతి ప్రార్థనకూ చేతిసంచిలో ఒక కప్‌కేక్. "షుగర్ వచ్చినంక మా ఆయనకు భక్తి మస్తు పెరిగింది," అని భార్య కృపమ్మ వాడంతా చెప్పుకుంది. ఒక ఆదివారం ముచ్చటపడి కొంపల్లికి తానూ వెంట వచ్చింది. ఆమెన్ వినపడగానే, ఆమె కళ్లు తెరిచేలోపు, జయరాజు కేకు మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. సరిగ్గా అప్పుడే పాస్టరు, "ఇగ జయరాజన్న సాక్ష్యం చెప్తడు," అని మైకు అందించాడు. జయరాజు లేచాడు. నోట మాట పెగల్లేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. "హల్లెలూయ!" అంటూ సంఘమంతా కళ్లు తుడుచుకుంది. కృపమ్మ మాత్రం ఆయన పిడికిట్లోంచి తొంగిచూస్తున్న కాగితాన్ని చూసింది.

"మింగినంక ఇంటికి రా," అంది మెల్లగా. "సాక్ష్యం నాకు చెప్తువు గాని."