మేస్త్రి సుద్దముక్క

నేను పోర్టులో కొత్తగా చేరినప్పుడు మా గ్యాంగు మేస్త్రి రోజూ పొద్దున్నే ఆ రోజు పనంతా సుద్దముక్కతో జెట్టీ నేలమీద బొమ్మ గీసేవారు. గీశాక, “నానేటి తప్పు సేసేనో సెప్పండ్రా!” అనేవారు. మేం నవ్వి ఊరుకునేవాళ్ళం. మేస్త్రిని తప్పుపట్టేదెవరు?

ఒకరోజు బొమ్మలో క్రేను గీత దగ్గర నా చూపు ఆగిపోయింది. “మేస్త్రిగారూ, క్రేను దుంగలెత్తి తిప్పేది మనం నిలబడే చోటు మీదనుంచే కదండీ?” అనేశాను.

ఆయన వంగి చూశారు. బొమ్మను కాలితో చెరిపేసి, నన్ను అమాంతం ఎత్తేశారు. “నిజమేరా! అందర్నీ సంపేసుందును!”

ఆ రోజంతా ఎదురైన ప్రతివాడికీ తన తప్పును, కొడుకు ఫస్టు క్లాసులో పాసైనంత సంబరంగా చెప్పుకున్నారు. మర్నాడు ఆయన గీయడం పూర్తికాకముందే, తప్పు నేను పడతానంటే నేను పడతానని పదిమందిమీ ఎగబడ్డాం.