పగటి నిద్రకు సుగంధిపాల వేరు

నేను భోపాల్‌పట్నంలో పచారీ కొట్టు వాళ్ళింట్లో పుట్టాను. వాసన చూడకుండా ఏ వస్తువూ కొనలేను. పెళ్ళయి బైలడిల్లా కొండల కింద కిరండూల్ క్వార్టర్స్‌కి కాపురానికి వచ్చినప్పుడు ఆ బుద్ధి కూడా సామానుతో పాటే వచ్చింది. అది లేకపోతే ఈ కషాయాల గొడవలోకి అంత లోతుగా దిగేదాన్ని కాదు.

మా ఆయనది శ్రీకాకుళం వైపు. కొండ మీద ఇనుప గనిలో డంపర్ నడిపేవారు. డంపరంటే లారీ అనుకునేరు, దాని చక్రం పక్కన నిలబడి చెయ్యెత్తినా నాకు పై అంచు అందదు. వారం పగలు, వారం సాయంత్రం, వారం రాత్రి డ్యూటీ. రాత్రి డ్యూటీ వారం వచ్చిందంటే మా ఇంట్లో నిద్ర కరువే. పొద్దున బస్సు దిగి, ఒంటి మీది ఎర్ర దుమ్ము కడుక్కుని, ఇంత తిని పడుకునేవారు. పడుకోవడమే తప్ప నిద్ర లేదు. సాయంత్రం దాకా మంచం మీద దొర్లేవారు.

అందరిళ్ళల్లో ఉండేదేలే అనుకునేదాన్ని. ఒకరోజు అన్నం తింటూ ఆయన ఒక మాట చెప్పారు. తెల్లవారుజామున మలుపులో కన్ను మూతపడిందట. ఏదో కుదుపుకి తెరిచేసరికి ముందు చక్రం రోడ్డంచున పోసిన మట్టిగట్టు ఎక్కి ఉందట. గట్టు అవతల లోయ. వంకాయ కూరలో ఉప్పు సరిపోయిందన్నంత తాపీగా చెప్పారు. నాకు మాత్రం ఈ మనిషి పగలు నిద్రపోకపోతే ఒకనాడు కొండ దిగి రాడని భయం పట్టుకుంది.

నిద్రమాత్రలకు ఆయన ఒప్పుకోలేదు. "ఆ మత్తు రాత్రికీ దిగకపోతే ఏటి సెయ్యాలి?" అన్నారు. అదీ నిజమే. అలా నేను ఆకుల మీదా వేళ్ళ మీదా పడ్డాను.

క్వార్టర్స్‌లో అన్ని వైపుల వాళ్ళూ ఉండేవారు, తలా ఒక వైద్యం చెప్పారు. మొదట నిమ్మగడ్డి టీ. మగమనిషికి ఉత్త ఆకు నీళ్ళు ఇస్తే ఏం బాగుంటుందని చెంచాడు టీపొడి వేసి, పాలు పోసి, బాగా మరిగించి ఇచ్చాను. ఆ రోజు ఆయన మంచం జోలికే పోకుండా సైకిల్ విప్పి మళ్ళీ బిగించారు. తర్వాత టీపొడి లేకుండా తులసి, అల్లం. చెమట పట్టింది గాని నిద్ర పట్టలేదు. తర్వాత పాలల్లో జాజికాయ. ఏది కాచినా ఉబలాటం కొద్దీ ముందు నేను తాగి చూసేదాన్ని. తాగిన కాసేపటికి వంటింటి గుమ్మంలోనే కునుకు తీసేదాన్ని. అందులో మందు గొప్పేం లేదు, నన్ను రాళ్ళ గుట్ట మీద పడుకోబెట్టినా నిద్ర పడుతుంది. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు అని ఊరికే అన్నారా!

వారం సంతలో ఒక గోండు ఆమె ఎండు వేళ్ళు కట్టలు కట్టి అమ్మేది. వాసన చూశాను. మా కొట్లో ఉండే సుగంధిపాల వేరే, కానీ దీని వాసన ఇంకా తాజాగా, చల్లగా ఉంది. సగం గోండీ, సగం హిందీ కలిపి అడిగాను, ఇది నిద్రకి పనిచేస్తుందా అని. ఎవరికి అంది. మా ఇంటాయనకి, పగలు పడుకోవాలి అన్నాను. ఆమె పక్కన ఇప్పపూలు అమ్మే ఆమెకి ఆ మాట చెప్పింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఒంట్లో వేడి తగ్గుతుంది, నిద్ర సంగతి మాత్రం నాకు తెలియదు అని చెప్పేసింది. అమ్మేవాళ్ళు అలా చెప్పడం మా కొట్లో కూడా వినలేదు. నచ్చి రెండు కట్టలు కొన్నాను.

మా క్వార్టర్ల వరసలో ఒక ఆనవాయితీ ఉండేది. రాత్రి డ్యూటీ మనిషి పడుకున్న ఇంటి గేటు మీద తువ్వాలు ఆరేస్తారు. అది కనిపిస్తే కూరలవాడు కేక వెయ్యడు, ఎదురింటి వదిన కుక్కర్ పెట్టదు. నేనైతే గాజులు మోచేతి దాకా లాక్కుని, అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగేదాన్ని. వేరు దంచడానికి రోలుని పెరటి చివరికి, బొప్పాయి చెట్టు కిందికి దొర్లించుకుపోయాను.

ఆ కషాయం రుచి బాగుందన్నారు. నిద్ర మాత్రం రాలేదు. నా కష్టం వృథా పోకూడదని కళ్ళు మూసుకుని పడుకునేవారు, రెప్పలు అదురుతుంటే నాకు తెలిసిపోయేది. నన్ను మోసం చేయడం కూడా చేతకాని మనిషి.

ఒకరోజు బొప్పాయి కోసం కోతుల మంద పెరట్లో దిగింది. చేసేది లేక రోలు వంటింట్లోకి లాక్కొచ్చి, కింద గోనెసంచి మడతపెట్టి, దేవుణ్ణి తలుచుకుంటూ దంచడం మొదలుపెట్టాను. సగం నలిగిందో లేదో లోపలి నుంచి గుర్రు వినిపించింది. వెళ్ళి చూస్తే నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. పొయ్యి మీద నీళ్ళు ఇంకా గోరువెచ్చనైనా కాలేదు.

నమ్మలేక అక్కడే నిలబడ్డాను. చప్పుడు ఆగిన కాసేపటికే ఆయన కదిలారు. పరుగున వచ్చి దంచాను, గుర్రు. ఆపాను, మంచం కిర్రుమంది. మళ్ళీ దంచాను, మళ్ళీ గుర్రు. నాకు నవ్వొస్తోంది, ఇదేం వింతో అంతుపట్టడం లేదు, రోకలి వదలడానికి భయం.

అంతలో ఎదురింటి వదిన వచ్చింది. ఆమెది భద్రాచలం. "ఏందమ్మా, తువ్వాలు ఆరేసి ఈ దంచుడేంది? నీ మొగుడు పండొద్దా?" అని గొంతు తగ్గించి కసిరింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. ముక్కున వేలేసుకుంది. ఆయన మళ్ళీ కదలబోయేసరికి వదినే వెళ్ళి రోటి ముందు కూర్చుంది. "నీ మొకం సూడు ఎట్ల పీక్కపోయిందో. పో, అన్నం తిను. నేను దంచుత" అంది. ఇద్దరం వంతులు వేసుకుని, ఉన్న వేరంతా పిండి చేశాం.

ఆయన పొద్దు వాలాక లేచారు. అన్నేళ్ళలో పగటి పూట అంత నిద్ర నేను చూడలేదు. ఎలా పట్టిందని గుచ్చి గుచ్చి అడిగాను. తల గోక్కున్నారు.

"నువ్వు మేలుకునున్నావని ఇనబడింది, అంతే. సప్పుడు లేకపోతే నానొక్కడినే మేలుకుని సూసుకోవాలనిపిస్తాది. ఆ రోజు కాడ్నించి మరీ, కన్ను మూస్తే ఆ గట్టే కనపడతాది" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. వంకాయ కూర తింటూ తాపీగా చెప్పిన మనిషి, ఇన్నాళ్ళూ ఆ గట్టుని ఇంటికి మోసుకొచ్చి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒంటరిగా కాపలా కాస్తున్నాడు. అంత భయం ఆయనకీ ఉందని నాకు తట్టనే లేదు.

బస్సు వేళకి బూట్లు వేసుకుని, టిఫిన్ డబ్బా అందుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. నా వైపు చూడకుండా అడిగారు.

"రేపు కూడా దంచుతావా?"

"ఏం దంచమంటారు? వేరంతా అయిపోయింది."

"ఉత్త రోలే దంచు" అన్నారు.