రాయి మీద రాయి

రాజేశ్వర్ కొండలెరగనివాడేం కాదు. జగిత్యాల పక్క వాళ్ల ఊరి గుట్ట మీద మేకలు కాస్తూ పెరిగినవాడే. కానీ దుబాయ్ అవతల, ఫుజైరా వెనకాల హజర్ కొండల్ని మొదటిసారి చూసినప్పుడు మాత్రం అతనికి గుండె జారింది. చెట్టు లేదు, చేమ లేదు. మాడిన అట్లపెనం రంగు రాయి, దాని వెనక మళ్లీ రాయి. ఒక లోయలోకి దిగి తల తిప్పితే, వచ్చిన లోయ ఏదో గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. అలాంటి చోటును సర్కారు పార్కు చేసి, జనం సరదాగా నడవడానికి దారులు వేయించింది. ఆ ఎండలో సరదాగా నడిచేవాళ్లు కూడా ఉంటారని రాజేశ్వర్‌కు అప్పుడే తెలిసింది.

దుబాయ్‌లో జెబెల్ అలీ రేవు గోదాములో పెట్టెలు మోస్తున్నవాణ్ణి కంపెనీ 2013లో ఇక్కడికి పంపింది. పని తేలికే. వాన పడినప్పుడల్లా వాగు దారిని మింగేస్తుంది, మళ్లీ రాళ్లు పేర్చి దారి చూపాలి. పెద్దది కింద, చిన్నది పైన, మోకాలెత్తు. ఒక కుప్ప దగ్గర నిలబడితే తర్వాతి కుప్ప కనబడాలి. పార్కు పని చూసే అరబ్బు మేనేజరు, అందరూ ముదీర్ అని పిలిచేవాడు, మొదటి రోజే వేలు చూపించి మరీ చెప్పాడు, దారి కాని చోట రాయి మీద రాయి ఉండకూడదని.

ఆ ఒక్క మాటే రాజేశ్వర్ పాటించలేకపోయాడు.

మన వైపు గుట్ట మీది గుడికి పోయినవాళ్లు సొంతిల్లు కావాలని మొక్కుకుని, రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి వస్తారు. పేర్చినదాన్ని సొంత చేత్తో కూల్చరు. కూలిస్తే ఇల్లు కూల్చుకున్నట్టే. ఊళ్లో అతని భార్య వాసంతి, పిల్లలూ రేకుల కొట్టంలో ఉంటున్నారు. ఫోను చేసినప్పుడల్లా ఆమెది ఒకటే మాట: "వానకు తడ్వకుంట పండుకునే రోజు మనకు వస్తదా?" ఓ మధ్యాహ్నం పక్క లోయలో ఎత్తైన బండ కింద నీడ దొరికింది. అన్నం తిన్నాక చేతులు ఊరుకోక రాజేశ్వర్ మొక్కుకుని చిన్న ఇల్లు పేర్చాడు, ఆ రాత్రే ఫోనులో వాసంతికి చెప్పాడు. తర్వాత వెళ్లినప్పుడు ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. చివరికవి పెద్దదారి మలుపు నుంచి ఆ బండ దాకా వరసగా నిలబడ్డాయి. బండ అవతల దారి లేదు, నిలువు గోడే. ఎవడొస్తాడులే ఇక్కడికి అనుకున్నాడు, బుద్ధి లేక.

మరుసటి ఏడు వచ్చాడు ఖాదర్ హుస్సేన్. కోరుట్ల మనిషి. బట్టలు కుట్టే పని వదిలి దుబాయ్ వచ్చాడు. నోటికి తాళం లేదు, నవ్వుకు హద్దు లేదు. ఇద్దరిదీ ఒకే గది కావడంతో పని నేర్పడం రాజేశ్వర్ వంతే అయింది.

"రాయి మీద రాయి ఉంటే దారి ఉన్నట్టే భయ్యా. కండ్లు మూసుకొని పో."

"తప్పిపోతే?"

"తిరగకు. నువ్వు గూడ రాయి మీద రాయి పెట్టి ఆడనే కూసో. నేనొస్త."

ఆగస్టులో దుమ్ము కమ్మిన ఓ పొద్దున, ముందురోజు దారిలో మరిచిపోయిన గడ్డపార తెమ్మని ఖాదర్‌ను ఒక్కణ్ణే పంపారు. మధ్యాహ్నమైనా అతను తిరిగి రాలేదు. పనివాళ్లు, వెనకే పోలీసులు, పెద్దదారి పొడవునా కేకలేస్తూ వెతికారు. మలుపు దగ్గర రాజేశ్వర్‌కు తన మొదటి కుప్ప కనబడింది. మిగతావాళ్లు దాన్ని పెద్దదారి గుర్తే అనుకుని దాటిపోయారు, ఖాదర్ దాన్ని నమ్మి ఎటు పోయాడో అతనికి మాత్రం అర్థమైంది.

చెప్పాలి. చెబితే ఎవడు పేర్చాడని అడుగుతారు. పేర్చినవాణ్ణి విమానం ఎక్కిస్తారు. ఊళ్లో పునాది తీసిన ఇల్లు పునాది దగ్గరే ఆగిపోతుంది. ఖాదర్ ఏ నీడనో కునుకు తీస్తుంటాడు, కాసేపట్లో పళ్లికిలిస్తూ వస్తాడు అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. మనిషి ఎండలో మాడుతుంటే ఇంటి గురించి ఆలోచించాడు, ఏమనాలి ఆ బుద్ధిని! అందరితో పాటు అరుస్తూ పెద్దదారినే నడిచాడు. పొద్దు వాలుతుంటే ఇక తట్టుకోలేక వెనక్కి ఆ మలుపు వైపు పరుగెత్తాడు.

ఖాదర్ ఆ బండ కిందే ఉన్నాడు. గోడకు వీపు ఆనించి, చెప్పినట్టే ఎటూ తిరగకుండా కూర్చున్నాడు. నీళ్ల సీసా ఖాళీ. పక్కనే కొత్తగా, వంకరగా పేర్చిన రాళ్లు. రాజేశ్వర్ భుజం పట్టి కుదిపాడు. ఒళ్లు బండలాగే కాలుతోంది, ఊపిరి లేదు.

వెనకే వచ్చిన ముదీర్ ఆ వరసంతా చూసి తల పట్టుకున్నాడు. "మిస్కీన్, పాపం! ఎవరైనా చూసి వస్తారని గుర్తులు పెట్టుకుంటూ వచ్చాడు" అన్నాడు హిందీలో. అందరూ అదే నిజమనుకున్నారు. మర్నాడు వాటిని కూల్చెయ్యమన్నప్పుడు రాజేశ్వరే వెళ్లి కూల్చాడు, తన మొక్కును తన చేత్తోనే.

అయినా ఇల్లు లేచింది. 2016లో రాజేశ్వర్ సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు స్లాబు ఇంట్లో పాలు పొంగాయి. "నువ్వు ఆడ మొక్కిన మొక్కు ఫలించింది" అని వాసంతి మురిసిపోయింది. రాజేశ్వర్‌కు ఆ ఇంట్లో ముద్ద దిగలేదు. మర్నాడే కోరుట్ల బస్సెక్కాడు.

ఖాదర్ తల్లి హలీమాబీ గడపలో కూర్చుని ఉంది. అక్కడ కొడుకుతో ఒకే గదిలో ఉన్నవాడని తెలిసి చెయ్యి పట్టుకుంది.

"బేటా, అందరు దారి తప్పిండు అంటున్నరు. నా కొడుకు అంత సోయి లేనోడా? నువ్వు ఆడనే ఉన్నవు గద, చెప్పు."

చెప్పడానికే వచ్చాడు. బస్సులో దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాడు. ఆమె ముఖం చూసేసరికి వాటిలో ఒక్కటే మిగిలింది.

"తప్పలేదు ఖాలా. నేను చెప్పిన దారిలనే పోయిండు."

హలీమాబీ కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లకు ఆమె ముఖం కాస్త తేటపడింది.

"గట్ల చెప్పు. చిన్నప్పటి సంది వాడు ఎవ్వల మాట కాదనలే" అంటూ లేచి, అతనికి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.