రెండో సిరంజీ

"...అదే అడుగుతున్నానండి, మా వీధి బేబికి ఇదే ఆపరేషనైతే మూడింటికల్లా లేచిన చెయ్యి, నాకు ఐదైనా లేవలేదేంటి?"

"ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా ఉంటుంది జ్ఞానమ్మగారూ."

"ఒంటి మీదకి నెట్టకండి. ఆవిడకి ఒక సిరంజీ, నాకు రెండు. పోయిన నెల ఆవిడకి తోడొచ్చినప్పుడు తలుపు సందులోంచి చూశాను."

మత్తు డాక్టరు ఉదయ్‌కుమార్ కేసు కాగితం మీంచి తలెత్తాడు. వారానికి రెండుసార్లు భీమవరం నుంచి నరసాపురం వస్తాడు. సిరంజీలు లెక్కపెట్టిన పేషెంటు ఆయనకు ఇంతవరకూ తగల్లేదు.

లెక్క జ్ఞానమ్మకు పన్నెండో ఏట నుంచీ అలవాటు. లేసు అల్లికలో ఒక్క గొలుసు కుట్టు తప్పినా పువ్వు వంకరపోతుంది. వీధిలో ఆడవాళ్ళు తలో ముక్కా అల్లితే, నడిమి పువ్వు మాత్రం ఆమె చేతికే వచ్చేది. రెండేళ్ళుగా మణికట్లలో నరాలు నొక్కుకుపోయి సూది జారిపోతోంది. ఆ ఉదయం పదింటికి చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా చంకలో మందు ఎక్కించి, కుడి మణికట్టుకు ఆపరేషన్ చేశారు. మనిషి మెలకువగానే ఉంది. చెయ్యి మాత్రం దిండు మీద పెడితే దిండు మీదే, జారితే కిందికే.

"నరం తెగిందా? మందు ఎక్కువైందా? కప్పెట్టకండి. ఈ చెయ్యి పోతే నేనేం చేసుకు బతకాలి?"

"బేబిగారికి తక్కువేశానండి. ఐదు గంటల్లో దిగిపోయింది. సాయంత్రమంతా నొప్పికి ఏడ్చారు. మీకలా కాకూడదని పెంచాను. పెంచితే ఎక్కువసేపు ఉంటుంది."

"రెట్టింపు వేశారు కాబట్టి పది గంటలన్నమాట. ఎనిమిదింటికి లేవాలి."

"అలా కుదరదండి. రెట్టింపు వేస్తే రెట్టింపు సేపు ఉండదు. కొంచెం పెరుగుతుందంతే."

"కొంచెం అంటే?"

"కచ్చితంగా చెప్పలేను."

జ్ఞానమ్మ ముఖం గోడవైపు తిప్పేసుకుంది.

ఆయన వెళ్ళగానే ఎడంచేత్తో సంచిలోంచి లేసు సూది తీసింది. కుడిచేతి వేళ్ళ కొసల్ని ఒక్కొక్కటే పొడిచి చూసుకుంది. ఏమీ తెలియలేదు. ఇంకొంచెం గట్టిగా పొడిచింది.

ఆరున్నరకి బొటనవేలు జివ్వుమంది. ఏడింటికి వేళ్ళన్నీ ముడుచుకున్నాయి. కట్టు కింద నొప్పి మొదలైంది. దానికంటే ముందు వేళ్ళ కొసలు మండాయి.

"చూశావా రామలక్ష్మీ, మందు వేళ్ళలో ఉండిపోయింది" అంది నర్సుతో.

రామలక్ష్మి ఆ చేతిని ట్యూబులైటు కిందికి తిప్పింది. వేలికి నాలుగేసి ఎర్రచుక్కలు, సమానమైన ఎడంలో ఉన్నాయి.

"మందేంటండీ బాబూ! ఇవి మీరు పొడుచుకున్నవే. స్పర్శ లేని చేతిని పొడిస్తే ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందండి?"

జ్ఞానమ్మ చేతిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "మరి ఉంగరం వేలికి ఐదున్నాయేంటి? నేను నాలుగే పొడిచాను."

"పొద్దున షుగర్ చూడ్డానికి నేనే పొడిచానండి. మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. నువ్వు చెప్తావో లేదోనని."

పదిరోజులకి కుట్లు విప్పారు. జ్ఞానమ్మ డాక్టర్ల ముందే సూది పట్టుకుని ఇరవై గొలుసులు అల్లి, లెక్క చూసుకుంది. ఉదయ్‌కుమార్ ఎడంచేతి ఆపరేషన్‌కి గురువారం అన్నాడు.

"ఆ రోజు మందు ఒక్క సిరంజీయే ఎక్కించండి."

"బేబిగారిలాగే ఏడుస్తారండి."

"ఏడుస్తాను. చెయ్యి ఉందనైనా తెలుస్తుంది. ఒక్కటే ఎక్కించండి" అంది జ్ఞానమ్మ.